ఎద్దుల్ని కట్టనివ్వని పాండురంగయ్య

పాండురంగయ్య సాధించిన మొట్టమొదటి విజయం పొడవు తొమ్మిది గజాలు. 1947 డిసెంబరులో, పటమట అవతల బందరు కాలవ గట్టు కింద, తానే నీళ్ళు పెట్టి, తానే తొక్కి, తానే తయారు చేసుకున్న బురదలోకి తన జీపును దించి, ఎవరూ తొయ్యకుండా, ఎవరూ లాగకుండా, ఎద్దు అన్నది కనుచూపు మేరలో లేకుండా అవతలి ఒడ్డుకు చేర్చాడు. బావమరిది సాంబమూర్తి తన బట్టల కొట్లోంచి గజంబద్ద తెప్పించి మరీ కొలిచాడు. సరిగ్గా తొమ్మిది. “పెద్దవాళ్ళు కట్టే చీర పొడవు బావా,” అన్నాడు. అంతకు ముందు పది నెలల్లో పదకొండుసార్లు ఆ జీపు అదే బురదలో దిగబడింది. పదకొండుసార్లూ పాండురంగయ్య ఇటుకలు పేర్చి, జాకీ ఎత్తి, చెక్కలు పరిచి దాన్ని బయటికి తీశాడే గాని, పక్క పొలంలో తీరిగ్గా నెమరు వేసుకుంటున్న ఎద్దుల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అదే ఆయన వింత. ఆకాశం ఊడిపడినా సరే, తన బండికి ఎద్దుల్ని కట్టనివ్వడు.

మిగతా విషయాల్లో ఆయనకు వంక పెట్టడానికి లేదు. చదివింది మూడో తరగతి. అయితేనేం, ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు. ఉయ్యూరులో ఆగిపోయిన బియ్యం మిల్లును ఒక పూటలో నడిపించాడు. గాంధీనగరంలో సినిమాహాలు మిషను మొరాయిస్తే ఆట ఆగకుండా బాగుచేసి, తెర వెనకనించే బొమ్మ మొత్తం చూసి వచ్చాడు. గడియారం, కుట్టుమిషను, పంపుసెట్టు, ఒకసారైతే మునసబుగారి కట్టుడు పళ్ళు, ఏవీ ఆయన్ని ఓడించి వెనక్కి వెళ్ళలేదు. అలాంటి మనిషి ఎద్దు మాట వస్తే మాత్రం మొండికేస్తాడు.

కృష్ణా డెల్టాలో మోటారు నడిపే ప్రతివాడికీ ఒక పద్ధతి తెలుసు. తొలకరి పడ్డాక నల్లరేగడి దారిలో బస్సు దిగబడుతుంది. డ్రైవరు మూడుసార్లు హారను కొడతాడు. పక్క చేలో దున్నుకుంటున్న రైతు నాగలి విప్పి, కాడితో సహా ఎద్దుల్ని తోలుకొస్తాడు. బంపరుకు మోకు బిగిస్తారు. ప్రయాణికులు వెనకనించి ‘ఐసా’ అంటారు. బస్సు బయటపడుతుంది. ఇందులో ఎవరికీ నామోషీ లేదు. డిప్యూటీ కలెక్టరు కారైనా అలా రావలసిందే. పాండురంగయ్య మాత్రం ఎక్కడ పొరపాటున చెయ్యి తగిలి మోగుతుందోనని తన బండి హారనుకు తీగె పీకేశాడు.

1945 వానల్లో సాంబమూర్తి బట్టల మూటలతో ఇద్దరూ ఒక పాత వ్యానులో పామర్రు అవతల దిగబడ్డారు. పది నిమిషాల్లో రైతులు వచ్చేశారు.

“ఎడ్లను తోలుకురమ్మంటారా అండీ?”

“అక్కర్లేదు,” అన్నాడు పాండురంగయ్య.

“రెండు జతలున్నాయండీ.”

“చాలా సంతోషం. ఇంటికి తోలుకెళ్ళి గడ్డి వెయ్యండి.”

రాత్రి వ్యానులోనే పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే అదే రైతులు మళ్ళీ వచ్చారు. “ఇయాళ నాలుగు జతలు తెచ్చామండీ. నిన్న తక్కువని కోపమొచ్చిందేమో అనుకున్నాం.”

సాంబమూర్తికి ఏడుపు వచ్చినంత పనైంది. “బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క జత కట్టించు.”

“పట్టుకో. జారిపడకుండా ఉంటావు.”

రెండో రోజు సాయంత్రానికి వ్యాను బయటికి వచ్చింది. అప్పటికి ఆ చుట్టుపక్కల మూడు ఊళ్ళవాళ్ళు వచ్చి చూసిపోయారు. ఒక ఊరివాళ్ళు పులిహోర కట్టించుకుని మరీ వచ్చారు.

ఈ మొండితనానికి కారణం ఏమిటన్నది బెజవాడలో చాలామందికి చాలా రకాలుగా తెలుసు. చిన్నప్పుడు ఎద్దు కుమ్మిందన్నారు కొందరు. జాతకంలో పశుగండం ఉందన్నారు మరికొందరు. సాంబమూర్తి మాత్రం ఇవేవీ నమ్మలేదు. “ఒట్టి పొగరు,” అనేవాడు కొట్లో కూర్చుని. “మిషను తెలిసినవాణ్ణి, నా బండిని పశువు లాగడమేమిటని పొగరు.” ఆ మాట అక్క చౌడేశ్వరమ్మ చెవిన పడినప్పుడల్లా ఆవిడ ఒకటే అనేది: “మీ బావకు పొగరే ఉంటే ఆ గ్రీజు నిక్కరుతో పెళ్ళిళ్ళకు వస్తారట్రా?”

యుద్ధం అయిపోయాక గన్నవరం విమానాల మైదానం దగ్గర మిలిటరీవాళ్ళు వదిలేసిన బళ్ళను వేలం వేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపులవి, దిగబడే ప్రసక్తే లేదని వేలంవాడు ఒట్టు పెట్టుకున్నాడు. సాంబమూర్తి డబ్బు, పాండురంగయ్య పట్టుదల కలిసి ఒక జీపును ఇంటికి తెచ్చాయి. మొదటి వానకే అది దిగబడింది. మర్నాడు పాండురంగయ్య దాని వెనక ఇరుసు విప్పి అరుగుమీద పరుచుకుని కూర్చున్నాడు.

“ఏమైందండీ దానికి?” అంది చౌడేశ్వరమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

“దానికేం కాలేదే. దాని బుద్ధే అంత. బలమంతా ఎటు సులువుగా తిరిగితే అటే పోతుంది. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతూ ఉంటే, గట్టినేల మీదున్న రెండో చక్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది.”

“అయితే పనిచేసేవాడికి పెట్టకుండా ఊరికే తిరిగేవాడికే పెడుతున్నారన్న మాట.” చౌడేశ్వరమ్మ తమ్ముడి వైపు చూసింది.

“నన్నెందుకక్కా చూస్తావ్?” అన్నాడు సాంబమూర్తి.

“మలుపు తిరగాలంటే ఆ బుద్ధి ఉండాల్సిందే,” అన్నాడు పాండురంగయ్య ఇద్దర్నీ పట్టించుకోకుండా. “బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. బురదలోకి దిగినప్పుడు మాత్రం రెంటినీ కలిపి బిగించెయ్యాలి. మళ్ళీ కావాలంటే విడిచిపెట్టాలి. అదెట్లాగో తెలియడంలేదు.”

“మా పుట్టింట్లో మగ్గానికి బట్ట చుట్టుకునే దోనె ఉంటుంది. అది తిరక్కుండా చిల్లులో కర్ర గుచ్చుతారు. తిప్పాలనుకుంటే పీకేస్తారు. దీనికింత ఆలోచనేముంది?”

పాండురంగయ్య పెళ్ళాం వైపు ఒక నిమిషం చూసి, తాగుతున్న కాఫీ అక్కడే పెట్టి, చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. లేతు మిషను నడిపే కృపానందం దగ్గర ఆగాడు. ఆ రోజునించి పది నెలలు కృపానందానికి ఆదివారం ప్రార్థన తప్ప వేరే సెలవు లేదు.

ఇరుసు లోపల ఒక పళ్ళ చక్రం. దాని పళ్ళలో పడే పళ్ళున్న కడియం ఒకటి. సీటు పక్కనించి పిడి లాగితే ఇనుప తీగె కడియాన్ని జరుపుతుంది. పళ్ళూ పళ్ళూ కరుచుకుంటాయి. రెండు చక్రాలూ ఒకటైపోతాయి. చెప్పడానికి ఇంతే. చేసిన మొదటి కడియం పళ్ళు మెత్తనివై పసిపిల్లల పాలపళ్ళలాగా ఊడి వచ్చాయి. లారీ ఇరుసు కోసి చేసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన రెండోది మరీ గట్టిపడి జంతికలా విరిగింది. మూడోది కరుచుకుంది గాని విడవలేదు. జీపు రెండు రోజులు తిన్నగా తప్ప నడవలేదు. పాండురంగయ్య పటమటలో భోజనానికి బయల్దేరి గుణదలలో తేలాడు.

దీన్ని ఆయన ‘లాకు’ అన్నాడు. కాలవ లాకులు తప్ప వేరే లాకు ఎరగని పక్కింటి వెంకటసుబ్బారావు గారు వచ్చి, “పడవలు కూడా పోనిస్తారా అండీ?” అని అడిగి వెళ్ళారు. ఇదంతా జరిగాక వచ్చిందే ఆ తొమ్మిది గజాల విజయం. ఆ రోజు చౌడేశ్వరమ్మ వీధివీధంతా తిరిగి పెసరపప్పు పాయసం పంచింది. “ఆ లాకు నాదే,” అని ప్రతి ఇంట్లోనూ చెప్పి మరీ పంచింది.

ఆ లాకుతో ఒక చిక్కుంది. గట్టి రోడ్డు మీదికి రాగానే మరిచిపోకుండా పిడి వదిలెయ్యాలి. లేకపోతే ఎంత తిప్పినా బండి తిరగదు.

మరిచిపోయింది 1948 జూలై ఆఖరు వారంలో, పెడనలో.

ఆ సంవత్సరం సాంబమూర్తికి పెద్ద బేరం కుదిరింది. కూచిపూడి దాటి ఆరు మైళ్ళు డొంకదారిలో పోతే వచ్చే రేగులపాడులో వెంకటకృష్ణారావు గారని మోతుబరి రైతు. ఆయన కూతురు రాజ్యలక్ష్మి పెళ్ళి ఆగస్టు ఇరవై రెండు, ఆదివారం. ముహూర్తం పొద్దున పది గంటల నలభై నిమిషాలకు. వధూవరులు ఆ వేళకు కట్టుకోవలసిన మధుపర్కాలు నేయించి తెచ్చే బాధ్యత సాంబమూర్తిది. నాలుగేళ్ళ కిందట పెద్దమ్మాయి పెళ్ళిలో ఇంకెవరో వర్తకుడు తెచ్చిన మధుపర్కాలు దారిలో దిగబడి, తాళి కట్టిన గంటకు వచ్చాయి. అందుకని వెంకటకృష్ణారావు గారి తల్లి వెంకటరత్నమ్మ గారు సాంబమూర్తిని ఎదుట నిలబెట్టి చెప్పింది.

“చూడు నాయనా. నీ బట్టలు పందిట్లోకి వచ్చాకే మా పిల్ల పీటల మీదికి వస్తుంది. రాకపోతే రాదు. ముహూర్తం తప్పితే ఆ పాపం నీదే.”

“ముందురోజే తెస్తానమ్మా,” అన్నాడు సాంబమూర్తి. “ఒట్టు.”

పెడనలో సాంబమూర్తి పిన్ని భద్రమ్మ వాటికి పడుగు వేసింది. పడుగు అంటే బట్ట పొడవునా ఉండే దారాలు. వాటిని పొద్దున్నే వీధి పొడవునా చాపి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆ వేళకు ఆ వీధిలోకి కుక్క కూడా అడుగుపెట్టదు. పాండురంగయ్య నూలు కట్టలు వేసుకుని, ఊరి బయట బురదను లాకుతో గెలిచి, ఆ సంతోషంలో పిడి వదలడం మరిచి, వీధి మలుపులో స్టీరింగు తిప్పాడు. జీపు తిరగలేదు. తిన్నగా పోయి పడుగులోకి దూరింది.

ఆగేసరికి నాలుగు చక్రాలకూ రాజ్యలక్ష్మి మధుపర్కాల దారాలు చుట్టుకుని ఉన్నాయి. భద్రమ్మ చేతిలో కుంచెతో వచ్చి నాలుగు చక్రాలనూ చూసింది.

“ఏం నాయనా, బండికి మధుపర్కాలు కట్టావా? ముహూర్తం ఎన్నింటికి?”

పాండురంగయ్య జీపు దిగాడు. నిక్కరు మీద తువ్వాలు చుట్టుకుని భద్రమ్మ ఇంట్లో కూర్చుని, నాలుగు రోజులపాటు తెగిన దారాలు ఒక్కొక్కటే ముడివేశాడు. తన కులవిద్య అయిన నేతను పదిహేనేళ్ళ తరవాత మళ్ళీ ముట్టుకున్నది అప్పుడే. అయినా చిక్కిన చోట కొత్త నూలు కలపవలసి వచ్చింది, మళ్ళీ గంజి, మళ్ళీ ముసురు, ఆరని పడుగు. ఆఖరుకు మధుపర్కాలు మగ్గం దిగింది శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు. మర్నాడే పెళ్ళి.

ఆదివారం తెల్లవారుతూండగా ఇద్దరూ పెడనలో బయల్దేరారు. మధుపర్కాలను మైనపు గుడ్డలో చుట్టి, దానిమీద గొంగళి కప్పి, సాంబమూర్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పామర్రు దాకా రోడ్డే. కూచిపూడి దాకా ఫరవాలేదు. అక్కడినించి డొంక. వారం రోజుల ముసురుకు డొంక, చేను, కాలవ అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. మైలు పోయాక జీపు పక్కకు ఒరిగి ఆగింది. వెనక చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ సాంబమూర్తి పంచె మీద బొమ్మలు వేసింది.

“భయపడకు,” అన్నాడు పాండురంగయ్య. “మీ అక్క లాకు ఉంది.” పిడి లాగాడు. టప్పున శబ్దం వచ్చింది. పిడి ఆయన చేతిలోకి వచ్చింది, దానికి తగిలించిన తీగెలో సగం మాత్రమే దానితో వచ్చింది.

సాంబమూర్తి గడియారం చూసుకున్నాడు. ఎనిమిదిన్నర. మూట నెత్తిన పెట్టుకుని నడిచి పోదామని దిగాడు. పది అడుగులకు ఒక చెప్పు పోయింది. పన్నెండో అడుగుకు రెండోది పోయింది. పదిహేనో అడుగులో మోకాలి దాకా దిగి, మూట మాత్రం పైకెత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పాండురంగయ్యే వచ్చి పీకవలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే పక్క చేలోంచి ఒక రైతు తన ఎడ్లజతను తోలుకుంటూ వచ్చాడు. “ఎవరండీ, పెళ్ళివారా? ఎడ్లు కడదామా?”

ఆ గొంతు వినగానే పాండురంగయ్య చప్పున జీపు కిందికి దూరాడు. తీగె అతకడానికి వెళ్ళాడని సాంబమూర్తి అనుకున్నాడు. కిందినించి ఏ చప్పుడూ లేదు.

“బావా, ఏమన్నా తెలిసిందా?”

సాంబమూర్తి బానెట్టు మీద తట్టాడు.

“బావా!”

“ఊఁ,” అన్నారెవరో, ఎవరి గొంతో తెలియకుండా.

సాంబమూర్తి రైతు చెవిలో అడిగాడు. “మీ పేరేంటండీ?”

“హనుమయ్యండీ.”

“హనుమయ్యగారూ, ఎడ్లబండి కట్టించుకుపోతే రేగులపాడు ఎన్నింటికి చేరతాం?”

“ఈ బురదలో ఐదు మైళ్ళంటే మధ్యాన్నం అవుద్దండీ.”

“అయితే మీ ఎడ్లతో ఈ జీపునే లాగాలి. మా బావ ఒప్పుకోడు. ఆయన కింద ఉండగానే చడీచప్పుడు లేకుండా కట్టెయ్యండి. బయటికి వచ్చేసరికి బండి గట్టున ఉండాలి.”

“బండి లాగితే కింద మీ బావగారుంటారు గదండీ.”

“లాగబోయే ముందు లాగుదాం ఆయన్ని.”

హనుమయ్య మోకు తెచ్చి బంపరుకు బిగించాడు. కాడికి రెండో కొస కట్టి ఎడ్లను అదిలించబోయాడు. జీపు కిందినించి ఒక చెయ్యి వచ్చి మోకును పట్టుకుంది. చెయ్యి వెనక మనిషి వచ్చాడు. తల నించి పాదం దాకా బురద. కళ్ళు రెండే తెల్లగా ఉన్నాయి. ఆ మనిషి ముడి విప్పడం మొదలుపెట్టాడు.

ఐదేళ్ళనించి కొట్లో కూర్చుని నవ్వుతూ అంటున్న మాట సాంబమూర్తి ఆ రోజు నవ్వకుండా అరిచాడు. “నీ పొగరు తగలెయ్యా! ఇవాళ కూడానా బావా? ఆ పిల్ల పసుపు రాసుకుని కూర్చుని ఉంటుంది! నీ పొగరు ముఖ్యమా, దాని పెళ్ళి ముఖ్యమా?”

పాండురంగయ్య ముడి విప్పాడు. తరవాత, వద్దన్నా ఆగని అలవాటులాగా, దగ్గరున్న ఎద్దు ముందుకాలి మోకాలిని చేత్తో మెల్లిగా తడిమి చూశాడు.

హనుమయ్య ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. “తమరు… బొగ్గుబస్సు పాండురంగయ్య గారు కదూ?”

“కాదు,” అన్నాడు పాండురంగయ్య.

“అవును,” అన్నాడు సాంబమూర్తి.

“అనుకున్నానండీ! ఎద్దు మోకాలు అట్లా తడిమే మనిషిని ఇంకోణ్ణి చూడలేదు.” హనుమయ్య సాంబమూర్తి వైపు తిరిగాడు. “యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొగతో నడిచేవి కదండీ, అప్పుడు బందరు బస్సు ఈయనే నడిపేవోరు. నలభైమూడులో పామర్రు కాడ దిగబడితే, పొద్దుటేల నించి దున్నిన నా ఎడ్లను విప్పి కట్టాం. బస్సు ఒక్కసారిగా పైకొచ్చింది. ఎడ్లలో మా గౌరోడు మోకాళ్ళ మీద పడ్డాడు, ముందుకాలు విరిగింది. జనమంతా బస్సెక్కి హారను కొడతా ఉంటే ఈయన దిగొచ్చి, గోనెపట్టా చింపి కట్టుకట్టి, పొద్దుగూకే దాకా దాని తలకాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.”

సాంబమూర్తి బావ వైపు చూశాడు. పాండురంగయ్య చక్రం వైపు చూస్తున్నాడు.

“నేను గేరు వెయ్యడం ఒక్క నిమిషం ఆగి ఉంటే అది పడేది కాదు,” అన్నాడు.

“గుంటలో కాలేసి పడిందండీ అది! మీ గేరుకీ దానికీ ఏం సంబంధం? ఆ మాట చెబుదామనే మూడుసార్లు బెజవాడ వచ్చాను. మూడుసార్లూ మీరు లేరన్నారు.”

“దాక్కున్నావా బావా?” అన్నాడు సాంబమూర్తి.

“మొదటిసారి నిజంగానే ఇంట్లో లేను.”

“ఉండండి.” హనుమయ్యకు ఇంకేదో తట్టింది. “ప్రతి ఉగాదికీ పామర్రు కొట్లో మా పేరు చెప్పి తెలకపిండి బస్తా దింపి పోయేది కూడా తమరేనా? ఎవరో మొక్కు తీర్చుకుంటున్నారనుకుని మా ఆడోళ్ళు ఆ బస్తాకు బొట్టు పెడతన్నారండీ! ఆ తెలకపిండి తిని తిని గౌరోడు ఇప్పుడు లేవటల్లేదు. కుంటితనం వల్ల కాదు. ఒళ్ళొచ్చి.”

పాండురంగయ్య ముఖాన బురద కదిలింది. నవ్వాడన్న మాట. “బతికే ఉందా?”

“బతకడమేంటండీ, జమీందారులాగా ఉంటే.”

సాంబమూర్తి అప్పటికే గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పది. ఆ గడియారంలో ఇంకా పెళ్ళి ఉంది. కాని ఈసారి గొంతు మెత్తగా వచ్చింది. “బావా, ఎద్దుల్ని కట్టద్దు. సరే. మరి ఎట్లా?”

“కడియం కరుచుకునేట్టు చేత్తో జరపగలను. జరిపాక వెనక్కి రాకుండా ఏదన్నా గుచ్చాలి. వేలంత లావు, జానెడు పొడుగు, గట్టి ఇనుము. నా మేకులన్నీ వంగిపోయాయి.”

ముగ్గురూ చుట్టూ చూశారు. చేలు, నీళ్ళు, ఆకాశం. ఇనుము అన్నది ఎక్కడా లేదు. అప్పుడు హనుమయ్య వెళ్ళి, ఎద్దు మెడ పక్కన కాడికి గుచ్చిన ఇనప చీలను పీకి తెచ్చాడు. వేలంత లావు. జానెడు పొడుగు. కాడి జారిపోవడంతో ఎడ్లు రెండూ విడుదలై, ఈ గొడవతో తమకేమీ సంబంధం లేనట్టు గట్టున గడ్డి మేయడానికి పోయాయి.

పాండురంగయ్య మళ్ళీ బురదలోకి దూరాడు. ఈసారి కిందినించి చప్పుళ్ళు వచ్చాయి, మాటలు కూడా వచ్చాయి. అందులో కొన్ని ఇక్కడ రాయదగ్గవి కావు. పావుగంటకు ‘టక్’మంది. బయటికి వచ్చి, సీటెక్కి, చిన్న గేరు వేసి, ఇంజనును తొందరపెట్టకుండా వదిలాడు. తిరుగుతున్న చక్రం ఆగింది. ఆగి ఉన్న చక్రం కదిలింది. రెండూ ఒకేసారి, కూడబలుక్కున్నట్టు, నల్లబురదను మెల్లగా నమిలి వెనక్కి ఊశాయి. జీపు ఒరిగినచోటునించి నిటారుగా లేచి గట్టెక్కింది.

“లాగిందండీ! నా చీల లాగింది!” హనుమయ్య అరుస్తూ వచ్చి వెనకనించి జీపెక్కేశాడు. తన చీల ఎక్కడికి పోతే తనూ అక్కడికేనన్నాడు. ఎడ్లకు ఇంటిదారి తెలుసన్నాడు.

ఐదు మైళ్ళూ బురదే కనక ఎక్కడా తిరగలేని ఇబ్బంది రాలేదు. రేగులపాడు చేరేసరికి పదీ పదిహేను. పందిరి ముందు వెంకటకృష్ణారావు గారు కండువా నలుపుకుంటూ నిలబడి ఉన్నారు. లోపలినించి సన్నాయి మాటిమాటికీ మొదలై ఆగిపోతోంది. వెంకటరత్నమ్మ గారు కర్ర పట్టుకుని ముందుకు వచ్చింది. మైనపు గుడ్డ విప్పి, మధుపర్కాల మడతలన్నీ తిప్పి తిప్పి చూసింది. పసుపు అంచు మీద చుక్క మచ్చ లేదు. తలెత్తి ముగ్గురు మగవాళ్ళనీ చూసింది.

“బట్టలు శుభ్రంగా ఉన్నాయి,” అంది. “తెచ్చినవాళ్ళనే ఉతకాలి.”

పది నలభైకి రాజ్యలక్ష్మి మెడలో తాళి పడింది. సాంబమూర్తి పందిరి గుంజకు ఆనుకుని నాలుగు గ్లాసుల పానకం ఒకదాని వెనక ఒకటి తాగి, వారం రోజులనించి బిగపట్టిన ఊపిరి వదిలాడు. పక్కన నూతి దగ్గర పాండురంగయ్య మీద హనుమయ్య చేదతో నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. ఎన్ని చేదలు పోసినా అడుగున ఇంకొక పాండురంగయ్య బయటపడుతూనే ఉన్నాడు.

భోజనాలయ్యాక ముగ్గురూ హనుమయ్య కొష్టానికి వెళ్ళారు. గౌరోడు నీడలో పడుకుని ఉన్నాడు, నిజంగానే జమీందారులాగా. పాండురంగయ్య పందిట్లోంచి తెచ్చిన అరిటాకుతో దగ్గర కూర్చుని పాత మోకాలిని తడిమాడు. ఎద్దు తల తిప్పి ఆయన భుజం వాసన చూసింది.

“నన్ను గుర్తుపట్టిందంటావా హనుమయ్యా?”

“తమర్ని కాదండీ. తమరి చేతిలో అరిటాకును.”

తిరుగు ప్రయాణంలో, కూచిపూడి దగ్గర గట్టి రోడ్డు రాగానే పాండురంగయ్య దిగి చీల పీకేశాడు. మళ్ళీ బయల్దేరాక సాంబమూర్తి అడిగాడు. “ఒక్కమాట చెబితే ఏం పోయింది బావా? ఊరందరి దగ్గరా నిన్ను పొగరుబోతుని చేశాను గదా.”

“చెబితే నువ్వు జాలిపడేవాడివి. జాలిపడి, నేను చూడకుండా కట్టించేవాడివి. పొగరనుకుంటే భయపడి ఊరుకుంటావు.”

ఆ సాయంత్రమే సాంబమూర్తి తన సిద్ధాంతాన్ని మార్చుకున్నాడు. ఇప్పుడు కొట్లో ఎవరైనా “మీ బావగారికి కాస్త పొగరట గదా” అంటే, గజంబద్ద బల్లమీద పెట్టి, “కాస్తేమిటండీ, అందరికీ ఉండాల్సినంత ఉంది” అంటాడు.

రేగులపాడు పెళ్ళికి దివిసీమనించి వచ్చిన చుట్టాలు జీపును చుట్టూ తిరిగి చూసి వెళ్ళారు. వినాయక చవితి వెళ్ళిన మర్నాడే కబురు పంపారు. అవనిగడ్డ అవతల దారులు తెగి బళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని, నాట్లకు దున్నవలసిన ఎడ్లు బస్సులకే సరిపోతున్నాయని. పాండురంగయ్య ముందు ఇరుసుకు కూడా కృపానందం చేత లాకు చేయించి, తీగెలకు బదులు ఉక్కు కడ్డీలు వేయించి, వారం రోజుల్లో వస్తానని చౌడేశ్వరమ్మకు చెప్పి బయల్దేరాడు.

నెల దాటింది. అప్పుడు ఒక కార్డు వచ్చింది. సాంబమూర్తి అక్కకు చదివి వినిపించాడు. ఇప్పటివరకు పంతొమ్మిది బస్సులు, ఆరు లారీలు, పెళ్ళికూతురితో సహా ఒక సవారీబండి, ఒక ధాన్యపు పడవ బయటికి తీశాడట. పడవ ఎలా దిగబడిందో ఇంటికి వచ్చాక చెబుతాడట. ఎక్కడికి పోయినా ఎడ్లను విప్పేసి గట్టు మీదికి తోలడమే ముందు పని, తరవాతే జీపు. రైతులు దారి కాచి పెరుగన్నం పెడుతున్నారట.

“అదంతా సరే, వస్తారా రారా?” అంది చౌడేశ్వరమ్మ. “ఆ లాకు నాదని అక్కడ ఎవరికైనా చెప్పారట్రా?”

సాంబమూర్తి కార్డు తిప్పాడు. అంచున, చోటు చాలక నిలువుగా రాసి ఉంది: ‘నీ లాకు సంగతి అందరికీ చెప్పాను. నవంబరు ఐదో తేదీ, శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.’